లస్కరు పెళ్ళాం తాగిన నీళ్ళు

మొండిలాకుల దగ్గర బండి ఆపకూడదు. ఆపితే నీళ్ళు మాయమైపోతాయి.

బిందెలో నీళ్ళు కాదు, సీసాలో నీళ్ళు కాదు — రేడియేటర్లో నీళ్ళు.

కోనసీమలో ఆ కాలవగట్టు మీద తిరిగే డ్రైవర్లలో ఎవర్నడిగినా ఇదే మాట. పడవలు నడిచిన రోజుల్లో కట్టిన లాకులవి. పడవలు పోయాయి. చెక్క తలుపులు చివికి కాలవలో కలిసిపోయాయి. రాతి గోడలు మాత్రం మిగిలాయి. అందుకే మొండిలాకులన్నారు. పక్కనే లస్కరు క్వార్టరు ఉంది. లస్కరంటే కాలవ తలుపులు ఎత్తి దించే ఉద్యోగి, అతనికని గవర్నమెంటు కట్టించిన ఇల్లది. ఇప్పుడు మూడు వైపులా సర్కారు తుమ్మ కమ్మేసింది. అందులో ఎవరూ ఉండరు.

ఉండరంటే... మనుషులు ఉండరు.

ఎప్పుడో ఒక వేసవిలో, కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజుల్లో, లస్కరు పెళ్ళానికి అంటుకునే విషజ్వరం తగిలిందట. లస్కరు ఊళ్ళో లేడట. రాత్రంతా ఆ ఇంట్లోంచి అరుపులు వినబడ్డాయట. తెల్లారేసరికి ఆగిపోయాయట. ఒంట్లో జ్వరం, ఎదురుగా ఎండిన కాలవ — ఇంకేం అడుగుతుంది, నీళ్ళే అడిగుంటుందని ఊరు తేల్చేసింది. అప్పట్నించీ గట్టెక్కిన ప్రతి బండికీ ఆవిడ నోరు పెట్టి తాగుతుందంటారు.

విరుగుడు కూడా ఊరే కనిపెట్టింది. లాకులు రాగానే గట్టు మీద చెంబుడు నీళ్ళు పారబొయ్యాలి. బానెట్ కింద, రేడియేటర్ మూత దగ్గర, మంత్రించిన ఎర్రదారం చుట్టాలి. ఆ దారి మీద నడిచే ట్రాక్టర్లకీ పికప్పులకీ అన్నిటికీ ఆ దారం ఉంటుంది.

అయినా బళ్ళు అక్కడే మరుగుతాయి. దారం కట్టినా తాగిందంటే ఎంత దాహమో చూడండి అని, మర్నాడు ఇంకో పేట చుడతారు.

వీరవేణికి ఈ కథ వినీ వినీ విసుగెత్తింది. నలభైకి దగ్గరపడుతున్న మనిషి. మొగుడు దుర్గాసాయి మస్కట్లో క్రేన్ నడుపుతుంటే, అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్న పికప్పుని ఇక్కడ తను నడుపుతోంది. ఉప్పాడ తీరంలో హేచరీల నుంచి రొయ్యపిల్లని చెరువులకి తోలడం పని. పిల్ల అంటే కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వస్తుంది. ఎండ తగలకూడదు, ఆలస్యం కాకూడదు. అందుకే ఆ లోడు రాత్రిపూట కదులుతుంది, ఎండెక్కేలోపు చెరువు చేరుతుంది. చేరకపోతే సంచిలో మిగిలేది పిల్ల కాదు, తెల్లటి మడ్డి.

ఆ వేసవిలో బండి మొండిలాకుల దగ్గర ఒకసారి మరిగి ఆగింది. ఏమీ కాలేదు. మళ్ళీ ఆగింది. ఈసారి లోడంతా చచ్చింది.

ఆ లోడు బావగారు గంగరాజుది. దుర్గాసాయికి అన్న. గట్టు చివర రొయ్యల చెరువులు చేస్తాడు.

"నీ డ్రైవింగుకి వంక పెట్టట్లేదమ్మా వేణీ," అన్నాడు గంగరాజు, చచ్చిన పిల్లని చెరువు గట్టున పారబోయిస్తూ. "ఆడమనిషి నడిపే బండంటే దానికి అలుసైపోయింది. అంతే."

"దేనికండీ అలుసు? రేడియేటరుకా?"

"వేళాకోళం వద్దు. ఇంకొక్క లోడు చచ్చిందా, తాళం నా చేతిలో పెట్టెయ్యి. బండి అమ్మేద్దాం. తమ్ముడికి నేను చెప్పుకుంటాను."

"చావకపోతే?"

"చావకపోతే తాళం నీది. మళ్ళీ ఆ మాటెత్తితే నన్నడుగు."

"అడుగుతానండి," అంది వీరవేణి.

మర్నాడే బండిని రావులపాలెంలో బుల్లియ్య షెడ్డుకి తోలింది. బుల్లియ్య మంచి మెకానిక్కే. కింది హోసు మార్చాడు. క్లిప్పులు బిగించాడు. ఇంజనాయిలు వేలికి రాసుకుని చూసి, పాలు కలిసినట్టు తెల్లగా లేదు కాబట్టి నీళ్ళు ఇంజన్లోకి దిగట్లేదన్నాడు. రేడియేటర్లో కూలెంటు నిండుగా పోసి, బండి కింద అట్టలు పరిచి రాత్రంతా వదిలేశాడు. పొద్దున్న చూస్తే అట్టలు పొడిగా ఉన్నాయి.

"లీకు లేదక్కా. ఉంటే చుక్కయినా పడాలి కదా. మరి నీళ్ళెక్కడికి పోతున్నాయో..." అని చూపు తిప్పుకున్నాడు.

"నువ్వు కూడానా బుల్లియ్యా?"

"నేనేం అన్లేదక్కా. అన్నానా?"

తర్వాతి లోడుకి అత్త రత్తమ్మ బయల్దేరింది. చీకటి పడే వేళకి చీర మార్చుకుని, నీళ్ళ కేను బండిలో పెట్టించి, ముందు సీట్లో ఎక్కి కూచుంది.

"నువ్వెందుకత్తా? నీ మోకాళ్ళు చూసుకో ముందు."

"మోకాళ్ళతో మాట్లాడతానా ఏంటి? నువ్వు దాన్ని పలకరించవు. ఎవరో ఒకరు పలకరించాలి కదా."

రత్తమ్మ సంగతి అంతే. రోజూ పొద్దున్నే రేడియేటర్లో నీళ్ళు తనే పోస్తుంది. ఉత్తి నీళ్ళు కాదు, పసుపు కలిపి పోస్తుంది. ఎర్రదారం చుట్టిందీ ఆవిడే. వీరవేణి అడ్డు చెప్పలేదు, తనకో పని తగ్గిందనుకుంది. బానెట్ కింద ఎక్కడో దారం ఉందని తెలుసు. ఉంటే ఉండనీ అనుకుంది. నమ్మని వస్తువు వైపు చూడటం కూడా దండగని ఆమె లెక్క.

ఆ లెక్క ఎంత తప్పో ఆ రాత్రి తెలిసింది.

హేచరీలో లోడెత్తుకుని యానాం వంతెన దాటేసరికి చంద్రుడు దిగిపోయాడు. ఆపైన కాలవగట్టు. చెరువుకి బండి వెళ్ళే దారి అదొక్కటే. ఒక పక్క కట్టేసిన కాలవ, అడుగున పగుళ్ళిచ్చిన బురద. ఇంకో పక్క కోసేసిన చేలు. గాలి లేదు. కొబ్బరాకు కూడా కదలట్లేదు.

గతుకుల మీద రెండో గేరులో ఈడ్చుకుంటూ వెళ్ళాలి. లాకులొచ్చేసరికి గట్టు ఏనుగు వీపులా ఎత్తుగా లేస్తుంది. బండి ఎత్తెక్కడం మొదలుపెట్టింది...

ముందు వాసనొచ్చింది. పసుపు ఉడుకుతున్న వాసన.

తర్వాత ఇంజను వేడి చూపే ముల్లు కదిలింది. సగానికొచ్చింది. సగం దాటింది. ఎర్రగీత దగ్గరికి పోతోంది.

"ఆపకే," అంది రత్తమ్మ గుసగుసగా. "ఏమైనా కానీ... ఇక్కడాపకు."

"ఆపకపోతే ఇంజను పట్టేస్తుందత్తా."

ఆపింది. లైట్లార్పింది. సరిగ్గా లస్కరు ఇంటి గుమ్మం ముందు.

చీకటి. ఇనుము చల్లారుతున్న టిక్కు టిక్కు. వెనక సంచుల్లో నీళ్ళ తొణుకు.

ఆ రెండిటి మధ్యలో, బానెట్ దగ్గర్నించి ఇంకో చప్పుడు...

గుట... గుట... గుట...

రత్తమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"విన్నావా? తాగుతోంది."

వీరవేణి వింది. ఎవరో చెంబెత్తి గొంతులో పోసుకుంటున్నట్టే ఉంది. మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకోడానికి ఆగుతున్నట్టు కూడా ఉంది. మెడ మీద వెంట్రుకలు లేచాయి, అబద్ధమెందుకు. కానీ లేచినంత మాత్రాన వాటి మాట వినాలని లేదు కదా.

తలుపు తీసి దిగింది.

"వేణీ! ఎక్కు! ఎక్కవే బండి!"

"తాగేదెవరో చూసొస్తాను. నువ్వూ దిగుతావా?"

"నేను దిగను. ఈ నేల మీద నేను కాలు పెట్టను గాక పెట్టను!"

బానెట్ ఎత్తింది. ఆవిరి మొహానికి కొట్టింది. ఫోన్ లైటు వేసింది. ఎవరూ లేరు. గుటకలు మాత్రం ఆగలేదు. రేడియేటర్ పక్కనున్న సన్న పైపులోంచి వస్తున్నాయి.

"అత్తా, ఎసరు మరిగితే ఇలాగే అంటుంది. నీళ్ళు ఉడుకుతున్నాయి, అంతే."

బండి అవతలి వైపు కిటికీలోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు, "తాగమ్మా... తాగి పోనీ తల్లీ..." అన్న గొణుగుడు వినబడ్డాయి. మామూలు చెంబుడు నీళ్ళే పోస్తోందనుకుని వీరవేణి పట్టించుకోలేదు.

వేడి మీద మూత తీస్తే మొహం కాలిపోతుంది. ఆగాలి. ఆగింది. పై హోసుని గుడ్డతో నొక్కి చూస్తూ, అది రాయిలా ఉన్నంతసేపూ మూత జోలికి వెళ్ళకుండా, లైటుతో ఒక్కొక్క భాగమే చూసుకుంటూ వచ్చింది. కొత్త హోసు పొడిగా ఉంది. క్లిప్పులు పొడి. పంపు కింద పొడి. ఎక్కడ చూసినా దుమ్ము, నల్ల జిడ్డు.

ఒక్కచోట మాత్రం... పసుపు.

రేడియేటర్ మూత కింద నుంచి పచ్చటి చారలు. చారల చుట్టూ తుంపర్లు. బ్యాటరీ మీద తుంపర్లు. బానెట్ లోపలి రేకు మీద, సరిగ్గా మూతకి ఎదురుగా, బొట్లు బొట్లుగా పసుపు, పెళ్ళింట్లో గడపకి రాసినట్టు.

వీరవేణి లైటు దగ్గరగా పెట్టింది.

లీకు ఎక్కడుందో పట్టుకోడానికి పెద్ద షెడ్లలో రంగు నీళ్ళు పోస్తారని బుల్లియ్య ఎప్పుడో చెప్పాడు. తన ఇంట్లో ఆ పని రోజూ జరుగుతోంది. అత్త చేత్తో.

హోసు మెత్తబడ్డాక, మందపాటి గుడ్డ వేసి మూత తిప్పింది. అది తేలిగ్గా వచ్చేసింది. అసలు బిగిస్తేగా! మూత కూచోవలసిన మెడ చుట్టూ ఎర్రదారం, పేట మీద పేట, ఉబ్బి తాడులా అయింది. కొసలు మూతలోని రబ్బరు వాషరు కిందికి పోయి ఇరుక్కున్నాయి.

అదన్నమాట. బండి చల్లగా ఉంటే చుక్క పడదు. వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగాక, దారం చేసిన సందులోంచి నీళ్ళు తన్నుకొస్తాయి. సెగలు కక్కే ఇంజను మీద పడి అక్కడికక్కడే ఆవిరైపోతాయి. నేల మీదికి వచ్చేదేముంది, అట్ట తడవడానికి? గతుకుల్లో ఈడ్చుకొచ్చిన బండి ఎక్కువ కష్టపడేది ఈ ఎత్తు మీదే. దారం కట్టిన ప్రతి బండీ ఇక్కడే నోరు తెరుస్తుంది.

సంచులు కోసే చాకు తీసి దారం కోసేసింది. ఆ తడి ముద్దని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది.

"ఇదిగో. నీళ్ళు తాగేది ఇదే."

రత్తమ్మ ఆ ముద్దని తడిమి చూసింది.

"తెంపేశావా... రక్షని తెంపేశావా? ఇక్కడా? దాని గుమ్మం ముందా?"

"బుల్లియ్య దగ్గర ఇది లేదేం అత్తా? ఉంటే వాడు పట్టేసేవాడు కదా?"

"...విప్పేశాను."

"విప్పేశావా!"

"ఆ గ్రీజు చేతుల్తో రక్షని ముట్టుకుంటాడని విప్పి, పసుపు కూడా తుడిచేశాను. ఇంటికొచ్చాక మళ్ళీ కట్టాను."

"గట్టిగా?"

"ఇంకో పేట వేసి మరీ కట్టాను," అంది రత్తమ్మ పౌరుషంగా. తర్వాత ఆ పౌరుషం ఏడుపులోకి దిగింది. "నా కొడుకు బండి బాగుండాలని కట్టానే. నువ్వు నన్ను ఆడిపోసుకో. నాతో మాట్లాడకు ఇంక."

కొంగు నెత్తి మీదికి లాక్కుని, మొహం అటు తిప్పేసుకుంది.

వీరవేణి బానెట్ దగ్గరికి తిరిగొచ్చింది. వాషరు మీద దారం అచ్చు గాడిలా పడి ఉంది. లోడు కట్టే పాత ట్యూబు ముక్కలోంచి రబ్బరు గుండ్రంగా కోసి దాని మీద ఇంకో వరస తొడిగింది. మెడని శుభ్రంగా తుడిచి మూత వేసి తిప్పింది. ఈసారి చివరిదాకా తిరిగి టక్కున కూచుంది. ఎన్నాళ్ళకి విన్నదో ఆ చప్పుడు!

"కేను ఇలా అందుకో అత్తా. నీళ్ళు పోస్తే వెళ్ళిపోవచ్చు."

కొంగు చాటు నుంచి గొంతు మాత్రం వచ్చింది. "లేవు."

"ఏవీ?"

"దానికి పోశాను."

"మొత్తమా?"

"సగం పోస్తే కోపమొస్తుందని..."

వీరవేణి తిట్టలేదు. తిట్లకి టైము లేదు. సంచుల్లో పిల్ల ఊపిరి కరిగిపోతోంది. కాలవలో బురద తప్ప ఏమీ లేదు. సంచుల్లో ఉన్నది ఉప్పునీళ్ళు, అవి తీస్తే పిల్లా చస్తుంది, రేడియేటరూ చస్తుంది. దగ్గర్లో కొంప లేదు. గంగరాజుకి ఫోను చెయ్యొచ్చు. మోటారుసైకిలు మీద నీళ్ళు తెస్తాడు. తాళం పట్టుకెళ్తాడు.

ఫోను లోపల పెట్టబోతూ లైటు అటు తిప్పింది. లస్కరు ఇంటి వెనక, తుమ్మ కొమ్మల పైన, చేతిపంపు తల కనబడింది. బోరింగు.

చుట్టూ ముళ్ళే. దారి ఒక్కటే — ఇంట్లోంచి.

ఖాళీ కేను ఒక చేత్తో, వీల్ స్పానర్ ఇంకో చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. తలుపుకి గొళ్ళెం బయట్నించి వేసుంది. దాని మీద ఇనప తీగ కూడా చుట్టేశారు, ఎన్నేళ్ళ కిందటో. తుప్పు పట్టి అన్నీ ఒకటే ముద్దయిపోయాయి. స్పానర్ దూర్చి ఒక్క తన్ను తన్నింది. కదల్లేదు. ఇంకోటి తన్నింది. గొళ్ళెం ఊడొచ్చి మెట్ల మీద ఖంగుమంది.

తలుపు దానంతటదే లోపలికి వెళ్ళింది... నెమ్మదిగా... ఎవరో పట్టుకుని తీసినట్టు.

లోపల గబ్బిలాల కంపు. లైటు తిప్పింది. తలుపు లోపలి వైపు, నడుమెత్తున, చెక్క నిండా గీతలు. పందికొక్కులనుకుంది. పెరటి తలుపు చివికి, బయటి గొళ్ళెంతో సహా విరిగి వేలాడుతోంది. దాటి బోరింగు దగ్గరికెళ్ళింది.

ఫోను నడుం దగ్గర దోపుకుంది. లైటు నేల మీద పడుతోంది, పైనంతా చీకటి. పంపు హ్యాండిల్ పట్టుకుని ఒంటి బరువంతా వేసింది. కిర్రుమంది. గాలి. ఇంకోసారి. గాలే. చెమటలు కారాయి, అరచేతులు మంటెత్తాయి. పంపు దగ్గుతోంది తప్ప కక్కట్లేదు.

వీరవేణికి ఒళ్ళు మండింది. నమ్మకపోయినా తిట్టొచ్చు కదా.

"ఏవమ్మా, లస్కరు పెళ్ళామా!" అంది గొంతెత్తి. "ఎన్నేళ్ళ బట్టో ఊరందరూ నీకు పోస్తున్నారు. మా అత్త ఇప్పుడే కేనుడు నీళ్ళు నీ గుమ్మంలో దిమ్మరించింది. నాక్కావలసింది కాసిని నీళ్ళు. ఇస్తే ఇయ్యి. లేకపోతే నా ఎదురుగా నిలబడి లేవని చెప్పు. నీకు దడిసి తాళం అప్పజెప్పే రకాన్ని కాదు నేను!"

గబ్బిలం ఒకటి రెక్కలు కొట్టుకుంటూ పోయింది.

మళ్ళీ హ్యాండిల్ పట్టుకుంది. ఈసారి... తేలిగ్గా దిగింది.

ఇంకో జత చేతులు పడ్డాయి దాని మీద. తన చేతుల పక్కనే. చల్లగా, గరుగ్గా.

"వచ్చావా?" అంది వీరవేణి రొప్పుతూ. "దిగనన్నావుగా అత్తా?"

జవాబు లేదు. అలక ఇంకా తీరలేదు కాబోలు.

"మోకాళ్ళంటావు గానీ కొట్టడం బాగానే కొడుతున్నావు. ఊఁ, కానీ!"

ఇద్దరూ కలిసి కొట్టారు. పంపు లోపల ఎక్కడో గళగళమంది. తుప్పు నీళ్ళొచ్చాయి, ఎర్రగా. తర్వాత తేటనీళ్ళు. కేనులో పడుతున్న చప్పుడు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. సంతోషం పట్టలేక వీరవేణే మాట కలిపింది.

"ఆ గొళ్ళెం చూశావా అత్తా, తీగ చుట్టి మరీ బిగించారు."

పక్కనుంచి గుసగుసగా, ఊపిరితో పాటు వచ్చింది మాట.

"బయట్నించి వేశారు... అరిచినా తియ్యలేదు."

"కథలు తర్వాత చెబుదువుగాని. ముందు నీళ్ళు కొట్టు."

కొట్టింది. కేను నిండేదాకా ఆగకుండా కొట్టింది. నిండగానే చేతులు తప్పుకున్నాయి. వీరవేణి కేనెత్తి భుజాన పెట్టుకుని తిరిగేసరికి ఎవరూ లేరు. కాస్త సాయం పట్టకుండా ముందే వెళ్ళిపోయింది, మహాతల్లి, అనుకుంది.

బండి దగ్గర రత్తమ్మ సీట్లోనే ఉంది. నెత్తి మీద కొంగు, మొహం అటువైపు. పెదాలు మాత్రం కదులుతున్నాయి, ఏదో స్తోత్రం. వీరవేణి పలకరించలేదు. అలిగిన మనిషిని ఎంత తక్కువ కదిపితే అంత మంచిది.

ఇంజను చెయ్యి పెట్టగలిగేంత చల్లారింది. నీళ్ళు నెమ్మదిగా పోసింది. స్టార్ట్ చేసి, బుడగలు పోయేదాకా ఆగి, మళ్ళీ నింపి, మూత బిగించింది. టక్.

గేరు వేసింది. బండి మిగిలిన ఎత్తంతా ఎక్కింది. ముల్లు సగం దగ్గర నిలబడింది. అక్కడ్నించి ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు.

చెరువు చేరేసరికి తూరుపు ఎర్రబడింది. గంగరాజు గట్టు మీద మోటారుసైకిలుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చెయ్యి అప్పటికే తాళం అందుకోడానికి సిద్ధంగా ఉన్నట్టు నడుం మీద ఉంది. సంచులు చెరువు నీళ్ళలో తేలేసి, కాస్త ఆగి, ఒకటి విప్పి తెల్ల బేసిన్లో వంచాడు.

వంగి చూశాడు. వేలితో నీళ్ళు తిప్పాడు. పిల్ల తిరుగుడుకి ఎదురీదింది.

"బతికింది," అన్నాడు, నమ్మలేనట్టు.

"బతక్కేమండీ."

"లాకుల దగ్గర ఆగలేదా?"

"ఆగింది. గుమ్మం ముందే ఆగింది." దారం సంగతంతా చెప్పింది వీరవేణి. చెబుతుంటే గంగరాజు కళ్ళు షెడ్డులో ఉన్న తన ట్రాక్టరు వైపు పోయాయి.

"సరే. మరి నీళ్ళెక్కడివి?"

"లస్కరు ఇంటి వెనక బోరింగులోవి. అత్తా నేనూ కొట్టాం."

రత్తమ్మ అప్పుడే సీట్లోంచి కాళ్ళు కిందికి దించుతోంది. అక్కడే ఆగిపోయింది. లాకులు దాటిన దగ్గర్నించీ ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

"ఎవరు కొట్టారూ?"

"నువ్వే. నా పక్కన నిలబడి."

"నేను బండి దిగానా?" అంది రత్తమ్మ. "ఇదిగో, ఇప్పుడు దిగుతున్నాను. నువ్వా ఇంట్లోకి వెళ్ళినప్పట్నించీ కళ్ళు మూసుకుని దండకం చదువుకుంటూ కూచున్నానే..."

చెరువులో ఏరేటరు చక్రాలు నీళ్ళు కొడుతున్నాయి.

వీరవేణి తన అరచేతులు చూసుకుంది. పొక్కులు లేచాయి. వాటి పక్కన ఆ చల్లదనం... ఇంకా అక్కడే ఉన్నట్టుంది.

"తలుపు... తీశావా?" అన్నాడు గంగరాజు.

"విరగ్గొట్టానండి."

"అలాగే వదిలేసి వచ్చావా! ఎవరో ఒకరు వెంటనే వెళ్ళి మూసెయ్యాలి. ఇలా ఇయ్యి బండి తాళం," అని చెయ్యి చాపాడు.

వీరవేణి ఆ చెయ్యి చూసింది. తాళం చుట్టూ పిడికిలి బిగించింది.

"లోడు బతికింది. తాళం నాది. మాట మీదే బావగారూ."

"అది వేరు, ఇది వేరు..."

"రెండూ ఒకటేనండి. మూయాలనుంటే మీ మోటారుసైకిలుంది. వెళ్ళి మూసిరండి. ఆవిడ నన్ను నీళ్ళడగలేదు. నేనడిగితే నాతో సమానంగా కొట్టి ఇచ్చింది. అరిచినా తలుపు తియ్యలేదని మాత్రం చెప్పింది. మళ్ళీ గొళ్ళెం వేసేవాళ్ళు ఆవిడ ఎదురుగా నిలబడి, చెప్పి వెయ్యాలి. వెళ్ళండి. ఎండెక్కుతోందిగా, ఇప్పుడు భయమేముంది?"

గంగరాజు మోటారుసైకిలు వైపు చూశాడు. గట్టు వైపు చూశాడు. స్టాండు మీద కాలు పెట్టి... తీసేశాడు.

"కూచోరా," అంది రత్తమ్మ కొడుకుతో. "తలుపు తెరిచే ఉండనీ."

వీరవేణి ఖాళీ సంచులు వెనక పడేసి బండెక్కింది. ఇంటికి వెళ్ళాలన్నా ఆ గట్టు మీదుగానే వెళ్ళాలి.

"వస్తావా అత్తా? పెద్దకొడుకు దగ్గర ఉండిపోతావా?"

రత్తమ్మ మోకాళ్ళు పట్టుకుని పైకెక్కి, కిటికీ వైపుకి ఒత్తిగిల్లి, మధ్యలో ఒక మనిషికి చోటొదిలి కూచుంది.